ఏడు రాత్రుల్లో ఇటలీ: ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: దసరా సెలవుల్లో హైదరాబాద్ నుంచి నలుగురు. దంపతులు, పదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. ఆవిడ శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. చేతిలో ఏడు రాత్రులు. జాబితాలో రోమ్, వాటికన్, పాంపే, అమాల్ఫీ, ఫ్లోరెన్స్, పీసా, చింక్వే తెర్రే, వెనిస్, మిలాన్. "అన్నీ అయిపోతాయి" అని ట్రావెల్స్ వాళ్లు చెప్పారు, నమ్మొచ్చా అని అడిగారు.

అయిపోతాయి, బస్సు కిటికీలోంచి. కాలినడకన చూడాలంటే మూడు ఊళ్లే: రోమ్ మూడు రాత్రులు, ఫ్లోరెన్స్ రెండు, వెనిస్ రెండు. ఎందుకంటే ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి రైలు గంటన్నరే. కానీ పొద్దున పెట్టెలు సర్దాలి, గది ఖాళీ చెయ్యాలి, అరగంట ముందు స్టేషన్ చేరాలి, దిగాక హోటల్ వెతుక్కోవాలి. గది చేతికొచ్చేది ఎక్కడైనా మధ్యాహ్నం రెండు, మూడుకే. అమ్మగారితో ఇదంతా ఐదు గంటల పని. ఏడు రాత్రుల్లో ఐదు ఊళ్లు పెట్టుకుంటే నాలుగుసార్లు మారాలి, అంటే రెండు పూర్తి రోజులు పెట్టెలకే సమర్పయామి.

తీసేసినవాటి సంగతి. అమాల్ఫీ తీరానికి రోమ్ నుంచి నేపుల్స్ గంటా పది నిమిషాలు, అక్కణ్ణుంచి లోకల్ రైల్లో సొరెంటో గంటకు పైనే, ఆ తర్వాత కొండ అంచున మెలికల రోడ్డు మీద బస్సు ఇంకో గంటకు పైగా. ఒకవైపే నాలుగు గంటలు. అది విడిగా మూడు రాత్రులు అడిగే చోటు. చింక్వే తెర్రే ఐదు పల్లెలకు ఫ్లోరెన్స్ నుంచి వెళ్లి రావడానికే ఐదు గంటలు, మెట్లూ ఎక్కువ. మిలాన్ కెతెడ్రల్ గొప్పదే, కానీ దానికోసం వెనిస్ నుంచి మరో రెండున్నర గంటలు వెళ్లి ఇంకో గది తీసుకోవడం ఈ వారంలో దండగ. శిథిల నగరం పాంపే మాత్రం రోమ్ నుంచి ఒక్క రోజులో సాధ్యమే. నేపుల్స్ దాకా ఫాస్ట్ రైలు, అక్కడ చిర్కుంవెసువియానా లోకల్ ఎక్కి 'పొంపేయీ స్కావీ' స్టేషన్‌లో దిగితే గేటు ఎదురుగానే ఉంటుంది. అయితే పన్నెండు గంటల రోజు అది, లోపల నీడ తక్కువ, దారంతా ఎగుడుదిగుడు రాళ్లు. అమ్మగారి మోకాళ్లకి నేను సిఫారసు చెయ్యను. పీసా సంగతి ఫ్లోరెన్స్ దగ్గర చెబుతాను.

విమానం

ముందు తేల్చుకోవలసింది ఇదే: రోమ్‌లో దిగి వెనిస్‌లో ఎక్కాలి. బుకింగ్ సైట్‌లో 'రౌండ్ ట్రిప్' కాకుండా 'మల్టీ సిటీ' ఎంచుకోండి. రానూపోనూ రోమ్‌కే తీసుకుంటే ఆఖరి రోజు వెనిస్ నుంచి వెనక్కి నాలుగు గంటల రైలు, నలుగురి టికెట్లు, పైగా విమానం తప్పుతుందేమోనన్న భయంతో ముందురోజే రోమ్ చేరి ఒక రాత్రి. మల్టీ సిటీ ధర కాస్త ఎక్కువున్నా లెక్కలో అదే చవక. ఎమిరేట్స్ దుబాయ్ నుంచి రోమ్, వెనిస్, మిలాన్, బొలోన్యా నాలుగింటికీ వెళ్తుంది. హైదరాబాద్‌లో తెల్లవారుజామున ఎక్కి గల్ఫ్‌లో మారితే అదే రోజు మధ్యాహ్నానికి రోమ్‌లో ఉంటారు.

పేర్ల విషయంలో మనవాళ్లకు ఒక ప్రత్యేకమైన తంటా ఉంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి ఇంటిపేరు, పేరు తారుమారై ఉంటాయి. విమానం, వీసా, హోటల్, కొలోసియం అన్నింట్లో పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాయండి. రైలు, మ్యూజియం సైట్లు రెండు గడులూ నింపమని పట్టుబడతాయి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు రెండింట్లోనూ అదే పేరు రాసేయండి. విమానానికి మాత్రం ఆ ఎయిర్‌లైన్స్ వాళ్లు ఎలా రాయమంటారో అడిగి రాయండి.

వారాలను బట్టి క్రమం

తేదీలకంటే వారాలు ముఖ్యం. ఫ్లోరెన్స్‌లో ఉఫిజీ, అక్కదేమియా మ్యూజియంలు రెండూ సోమవారం మూత. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూత. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం ఉచితంగా మధ్యాహ్నం దాకా తెరుస్తారు, ఆ రోజు తొక్కిసలాట. పోప్ రోమ్‌లో ఉంటే బుధవారం పొద్దున వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చౌరస్తాలో ప్రజాదర్శనం ఉంటుంది, అది అయ్యేదాకా సెయింట్ పీటర్స్ బాసిలికాలోకి వదలరు. ఈ మూడూ కలిపి చూస్తే శనివారం రోమ్‌లో దిగడం అన్నిటికీ సరిపోతుంది. గురువారం దిగితే ఫ్లోరెన్స్ ఆదివారం, సోమవారం మీద పడి సగం తలుపులు మూసి ఉంటాయి.

శనివారం మధ్యాహ్నం రోమ్ విమానాశ్రయం ఫ్యుమిచీనోలో దిగాక ఏ టికెట్టూ కొనిపెట్టుకోవద్దు. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసే కొత్త పద్ధతి వచ్చింది. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇమిగ్రేషన్ క్యూ ఎంతసేపు పడుతుందో ముందే చెప్పలేం. ఊళ్లోకి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు 32 నిమిషాల్లో ప్రధాన స్టేషన్ తెర్మిని చేరుస్తుంది, మనిషికి 14 యూరోలు. కానీ మీరు నలుగురు, పెట్టెలున్నాయి. తెల్ల రంగు అధికారిక టాక్సీకి పాత నగరం గోడల లోపలికి స్థిర ధర 55 యూరోలే, పెట్టెలతో సహా. పెట్టెలతో హోటల్ తలుపు దాకా చేరుస్తుంది కాబట్టి టాక్సీయే మేలు. అరైవల్స్ హాల్లో పక్కకొచ్చి "టాక్సీ, టాక్సీ" అనేవాళ్లవెంట వెళ్లకండి. బయట క్యూలో నిలబడి, ఎక్కేముందే 'తరిఫ్ఫా ఫిస్సా' అని అడగండి. సాయంత్రం త్రేవి ఫౌంటెన్, నవోనా చౌరస్తా అలా నడిచి చూసి పడుకోండి. అక్టోబర్‌లో మన టైమ్‌కీ వాళ్లదానికీ తేడా మూడున్నర గంటలు. రాత్రి ఎనిమిదంటే మీ ఒంటికి పదకొండున్నర. పొద్దున నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తుంది. దాన్ని వాడుకోవడమే తెలివి: మొదటి నాలుగు రోజులూ వీలున్నచోటల్లా పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకోండి.

ఆదివారం కొలోసియం. మామూలు టికెట్ 18 యూరోలు, అందులోనే పక్కనున్న పాత రోమ్ శిథిలాలు, అంటే ఫోరమ్, పాలటైన్ కొండ కూడా. కొలోసియం లోపల లిఫ్ట్ ఉంది, అమ్మగారికి చెప్పి వాడించండి. ఫోరమ్ దారి రెండువేల ఏళ్లనాటి బండలు, చక్రాల కుర్చీకైనా చెప్పులకైనా కష్టమే. ఆవిణ్ణి నీడలో కూర్చోబెట్టి మీరు పాలటైన్ ఎక్కి రండి. పెద్ద బ్యాగులు, గాజు సీసాలు రానివ్వరు. ఒక మెలిక: నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం, ముందస్తు బుకింగ్ ఉండదు, క్యూ మాత్రం భయంకరం. మీ ఆదివారం అదే అయితే కొలోసియాన్ని మంగళవారం పొద్దున్నకు జరిపి, ఫ్లోరెన్స్ రైలు సాయంత్రానికి మార్చుకోండి. ఆ ఆదివారం పాంథియన్ (పురాతన రోమన్ గుడి), త్రాస్తెవెరె పేట వీధులు పెట్టుకోవచ్చు.

సోమవారం వాటికన్, ఎనిమిది గంటల స్లాట్. మిగతా మ్యూజియంలు చాలావరకు మూసి ఉండటంతో సోమవారం ఇక్కడ రద్దీ ఎక్కువే, అందుకే ఎనిమిది దాటనివ్వొద్దు. తలుపు దగ్గర్నుంచి సిస్టీన్ చాపెల్ దాకా చూసుకుంటూ నడిస్తే రెండు గంటలు. మధ్యలో కూర్చునే చోట్లు తక్కువ. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీర, చుడీదార్‌కి ఏ అడ్డూ లేదు, నిక్కర్లు వేసుకొచ్చిన మగవాళ్లే తలుపు దగ్గర తెల్లమొహం వేస్తారు. చాపెల్ నుంచి బాసిలికాలోకి నేరుగా ఒక దారి ఉందని చాలాచోట్ల చదువుతారు. అది గైడ్‌తో వచ్చిన గ్రూపులకి ఉద్దేశించింది, దాన్ని లెక్కలో పెట్టుకోవద్దు. బయటికొచ్చి గోడ చుట్టూ పదిహేను, ఇరవై నిమిషాలు నడిచి చౌరస్తాలో భద్రతా తనిఖీ క్యూలో నిలబడాలి. బాసిలికాలోకి ప్రవేశం ఉచితం. గోపురం ఎక్కడానికి 551 మెట్లు. లిఫ్ట్ తీసుకున్నా పైన ఇంకా 320 మిగులుతాయి, చివర్లో గోడ వంపుతో పాటు ఒళ్లు వంచి నడవాలి. పాపా, మీలో ఒకరూ వెళ్లండి. తిరిగొస్తూ పాంథియన్: 2023 జులై నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు.

మంగళవారం పొద్దున తొమ్మిది ప్రాంతం రైలుకి ఫ్లోరెన్స్. పెట్టెలు హోటల్లో పడేసి భోంచేసి, రెండు, మూడింటికి అక్కదేమియా. ఐదు మీటర్లు దాటిన డేవిడ్ విగ్రహం అక్కడే ఉంది, గంట చాలు. సాయంత్రం 12 లేదా 13 నంబర్ బస్సెక్కి పియాత్సాలె మికెలాంజెలో. కొండెక్కే పని లేకుండా ఊరంతా అక్కణ్ణుంచి కనిపిస్తుంది. సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందు చేరితే కూర్చోవడానికి మెట్టు దొరుకుతుంది.

బుధవారం ఉఫిజీ తెరవగానే, 8:15కి. ముందు పై అంతస్తు, చిత్రకారుడు బొత్తిచెల్లి గదులకు వెళ్లిపోండి. పది దాటాక ఆ గదుల్లో బొమ్మల బదులు ఫోన్లు కనిపిస్తాయి. లిఫ్ట్ ఉంది. మధ్యాహ్నం రెండు దారులు. ఒకటి, దువోమో (ఊరి ప్రధాన కెతెడ్రల్) గోపురం: 463 మెట్లు, లిఫ్ట్ లేదు, ఇరుకు. దానికి కావలసిన బ్రునెల్లెస్కి పాస్ 30 యూరోలు. పాస్ మూడు రోజులు చెల్లినా గోపురం ఎక్కే టైమ్ మాత్రం ముందే నిర్ణయించుకోవాలి, ఆలస్యంగా వెళ్తే పంపరు. కెతెడ్రల్ లోపలికి ఉచితమే. రెండోది పీసా: లోకల్ రైలు గంట, పీసా చెంత్రాలె నుంచి టవర్‌కి ఇరవై ఐదు నిమిషాల నడక. పీసా సాన్ రొస్సోరె అనే చిన్న స్టేషన్‌లో దిగితే టవర్ ఇంకా దగ్గర, అన్ని రైళ్లూ అక్కడ ఆగవు. వెళ్లి రావడానికి ఐదు గంటలు. టవర్‌ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటో మీకంత ముఖ్యమైతే వెళ్లండి, లేకపోతే నా ఓటు గోపురానికే. రెండూ ఒకే మధ్యాహ్నం పట్టవు.

గురువారం వెనిస్, రెండుంబావు గంటల లోపు. టికెట్ 'వెనేత్సియా సాంతా లుచియా' దాకా ఉండాలి. దానికి ముందు 'వెనేత్సియా మెస్త్రే' వస్తుంది. వెనిస్ అని వినబడగానే అక్కడ దిగిపోయేవాళ్లు చాలామంది. అది ఒడ్డున ఉన్న మామూలు ఊరు. అక్కణ్ణుంచి రైలు నీళ్ల మీది వంతెన దాటి పది నిమిషాల్లో అసలు చోటికి చేరుతుంది. స్టేషన్ మెట్లు దిగితే కాలువే. నీటి బస్సు, అంటే వపొరెట్టో, 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు, 48 గంటల పాస్ 35. మీరు నాలుగుసార్లు ఎక్కినా పాస్ కిట్టుబాటు. ఆరేళ్ల లోపు పిల్లలకే ఉచితం, మీ పాపకి పూర్తి టికెట్. ఎక్కిన ప్రతిసారీ మెషిన్ మీద టాప్ చెయ్యాలి, పాస్ ఉంది కదా అని మానేస్తే జరిమానా. గ్రాండ్ కెనాల్ చూడాలంటే నెమ్మదిగా వెళ్లే 1వ నంబర్ ఎక్కి బయటి సీట్లలో కూర్చోండి, నడిబొడ్డు చౌరస్తా సాన్ మార్కో దాకా ముప్పావు గంట.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి డోజ్ ప్యాలెస్ (పాత వెనిస్ పాలకుల భవనం), తర్వాత సాన్ మార్కో బాసిలికా (వీపు బ్యాగులు లోపలికి రానివ్వరు), మధ్యాహ్నం ఫొందమెంతె నొవె రేవు నుంచి 12వ నంబర్ పడవలో బురానో దీవి. ముప్పావు గంట ప్రయాణం, రంగురంగుల ఇళ్లు, వంతెనలు తక్కువ, అమ్మగారికి హాయి. గోండొలాకి ప్రభుత్వ ధర పడవ మొత్తానికి 30 నిమిషాలకు 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 35 నిమిషాలకు 110. మనిషికి కాదు, పడవకి. ఐదుగురి దాకా ఎక్కొచ్చు. అంత వద్దనుకుంటే గ్రాండ్ కెనాల్‌ని ఒడ్డు నుంచి ఒడ్డుకు దాటించే 'త్రగెట్టో' పడవలు రెండు యూరోలకే ఉన్నాయి. అదీ గోండొలాయే, అలంకరణ లేనిది, రెండే నిమిషాలు.

ఏది ఎప్పుడు కొనాలి

డబ్బులు పోయేది ఇక్కడే. వెనక్కి రాని టికెట్లు వీసా రాకముందే కొనేసి తర్వాత తల పట్టుకుంటారు. ఈ యాత్రకు అదృష్టవశాత్తూ వరుస దానంతటదే కుదురుతుంది.

రాత్రులన్నీ ఇటలీలోనే కాబట్టి వీసా ఇటలీకే, దరఖాస్తులు తీసుకునే సంస్థ వీఎఫ్ఎస్ ద్వారా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల ముందు ఆఖరు. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది, అదనపు పరిశీలన పడితే 45 దాకా పోవచ్చు. దసరా ప్రయాణానికి జూన్, జులైలోనే పెట్టడం క్షేమం. వేసవి సెలవుల రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు పని. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, వీఎఫ్ఎస్ సేవా రుసుము అదనం. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులకు, షెంగెన్ దేశాలన్నిటికీ చెల్లేలా ఉండాలి. పాస్‌పోర్టు తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లాలి, జారీ అయ్యి పదేళ్లు దాటకూడదు, రెండు ఖాళీ పేజీలుండాలి. హోటల్ బుకింగ్‌లో నలుగురి పేర్లూ ఉండాలి, ఏడు రాత్రుల్లో ఒక్కటి కూడా ఖాళీ ఉండకూడదు. ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవే తీసుకోండి. రోజువారీ ప్లాన్ కాగితానికి, హోటళ్లకు, విమానానికి పొంతన కుదరకపోతే ప్రశ్నలొస్తాయి. తొమ్మిది ఊళ్ల ప్లాన్‌కి మూడు హోటళ్లు చూపిస్తే ఎవరికైనా అనుమానమే.

వీసా చేతికొచ్చాక రైళ్లు. రెండు నెలల ముందు రోమ్–ఫ్లోరెన్స్, ఫ్లోరెన్స్–వెనిస్ ఒక్కోటి 20–30 యూరోలకు దొరుకుతాయి. అదే రోజు కొంటే 50–60. సరిగ్గా 60 రోజుల ముందు వాటికన్, బుకింగ్ రుసుముతో కలిపి పెద్దలకు 25 యూరోలు. ఉఫిజీ, అక్కదేమియా, దువోమో గోపురం కూడా ఆ వారంలోనే. కొలోసియం టికెట్లు 30 రోజుల ముందే వదులుతారు. నిమిషాల్లో ఖాళీ అవుతాయి కాబట్టి ముందే అకౌంట్ తెరిచి, నలుగురి పేర్లూ ఒక చోట రాసిపెట్టుకుని కూర్చోండి. టికెట్ మీద పేరుంటుంది, గేటు దగ్గర అసలు పాస్‌పోర్టు చూస్తారు. అధికారిక సైట్‌లో అయిపోతే గైడ్‌తో కూడిన టూర్ కొనండి, గైడ్‌కైనా విలువ దక్కుతుంది. వట్టి టికెట్‌నే 'స్కిప్ ద లైన్' పేరుతో రెండింతలకు అమ్మే సైట్లకు డబ్బు కట్టకండి. తనిఖీ క్యూని ఎవరూ తప్పించలేరు.

18 ఏళ్ల లోపు పిల్లలకు కొలోసియం, పాంథియన్, ఉఫిజీ, అక్కదేమియా ఉచితం, ఏ దేశం వాళ్లయినా సరే. కానీ సున్నా యూరోల టికెట్ ఒకటి పాప పేరున తీసుకోవాలి. పెద్దల స్లాట్ ఉండి పాపది లేక గేటు దగ్గర ఆగిపోవడం తరచుగా జరిగే పొరపాటు. వాటికన్ వేరే దేశం, అక్కడ ఈ ఉచితం లేదు, పిల్లలకు తగ్గింపు ధర.

రైళ్లు

ఫాస్ట్ రైళ్లు రెండు సంస్థలవి: ట్రెనిటాలియా వాళ్ల ఫ్రెచ్చారోస్సా, ప్రైవేటు సంస్థ ఇటాలో. ఒకరి టికెట్ మరొకరి రైల్లో చెల్లదు. ధర తక్కువున్నదే కొనండి, సౌకర్యంలో పెద్ద తేడా లేదు. చవక టికెట్లు ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి, తప్పిపోతే కొత్తది కొనుక్కోవాలి. మనవాళ్లు తికమకపడేది బోర్డు దగ్గర. అక్కడ రైలు ఆఖరి స్టేషన్ పేరే కనిపిస్తుంది. ఫ్లోరెన్స్ వెళ్లే బండి మీద 'మిలానో' అనో 'తొరీనో' అనో ఉంటుంది. ఊరి పేరు వెతక్కుండా టికెట్ మీది రైలు నంబర్ వెతకండి. 'బినారియో' అంటే ప్లాట్‌ఫామ్. అది పది, పదిహేను నిమిషాల ముందే తెలుస్తుంది, తెలిశాక నడక దూరం ఉంటుంది. 'కరోత్సా' బోగీ, 'పోస్తో' సీటు, 'రితార్దో' ఆలస్యం. ఫ్లోరెన్స్‌లో 'సాంతా మరియా నొవెల్లా' స్టేషనే కావాలి. కాంపో ది మార్తె, రిఫ్రేది దగ్గర ఆగే బండ్లు తీసుకోవద్దు.

పీసా వెళ్లే లోకల్ రైలుకి సీటు నంబర్ ఉండదు, ముందుగా కొనక్కర్లేదు, ధర మారదు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గరి మెషిన్‌లో ముద్ర వేసుకోవాలి. ఫోన్‌లో కొంటే చెక్-ఇన్ బటన్ నొక్కాలి. మరిచిపోతే టీసీ "తెలియదండీ" అన్నా వినడు.

పెట్టెలు మనిషికి ఒక్కటి, 60 సెంటీమీటర్ల ఎత్తు మించకుండా. ఇరవై మూడు కిలోలవి రెండేసి తీసుకెళ్లే అలవాటు అమెరికా ప్రయాణాలకు పనికొస్తుంది కానీ వెనిస్ వంతెనలకు కాదు. మెట్ల మీద మోసేది మీరే.

గదులు

రోమ్‌లో తెర్మిని స్టేషన్‌కి ఆనుకుని కాకుండా పది నిమిషాల దూరంలోని మొంతి పేటలో చూడండి, కొలోసియానికి నడిచి వెళ్లొచ్చు. ఫ్లోరెన్స్‌లో స్టేషన్‌కీ దువోమోకీ మధ్య ఎక్కడైనా సరే. వెనిస్‌లో మెస్త్రే చవకే, కానీ రెండే రాత్రులున్నప్పుడు పొద్దున్నే, రాత్రిపూట ఖాళీ వీధులను వదులుకోవడం నష్టం. దీవిలోనే, వపొరెట్టో రేవు నుంచి వంతెన దాటక్కర్లేని హోటల్ వెతకండి. బుక్ చేసేముందు ఈ ఒక్క ప్రశ్న అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి: రేవుకీ మీ తలుపుకీ మధ్య ఎన్ని వంతెనలు, లోపల 'అషెన్సోరె' ఉందా? అదే లిఫ్ట్. పాత భవనాల్లో మూడో అంతస్తు దాకా మెట్లే ఉండటం మామూలు. బుకింగ్ ధరలో లేని నగర పన్ను హోటల్లో విడిగా కట్టాలి. రోమ్‌లో త్రీ స్టార్‌కి మనిషికి రాత్రికి 6 యూరోలు, ఫోర్ స్టార్‌కి 7.50.

అమ్మగారి భోజనం

ఇటలీలో శాకాహారికి తిండి దొరకదనేది అబద్ధం, కానీ పేరు చూసి నమ్మితే దెబ్బతింటారు. పార్మెజాన్, పెకొరీనో చీజుల్లో దూడ, గొర్రెపిల్లల పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. అది పట్టింపు ఉంటే 'సెంత్సా ఫొర్మాజ్జో' (చీజ్ లేకుండా) అని చెప్పాలి. ఎండు పాస్తాలో మామూలుగా గుడ్డు ఉండదు. ఫ్లోరెన్స్ వైపు చేత్తో చేసే తాజా పాస్తాలో దాదాపు ఉంటుంది. కాబట్టి 'సెంత్సా ఉవోవా' అన్నా లాభం లేదు, స్పగెట్టి, పెన్నె లాంటి ఎండు పాస్తానే అడగండి. రిసొట్టోని తరచూ మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు, కూరగాయల సూప్ మినెస్త్రోనెలోనూ పందిమాంసం ముక్క పడే అవకాశముంది. రోమ్ వంటకాలు కార్బొనారా, అమాత్రిచానా రెండూ పందిమాంసమే.

నిశ్చింతగా తినగలిగేవి: టమాటా, వెల్లుల్లితో చీజే లేని పిజ్జా మరినారా. మన నాలుకకు దగ్గరగా కారంగా ఉండే పెన్నె అర్రబ్బియాతా. వెల్లుల్లి, నూనె, ఎండుమిర్చితో చేసే స్పగెట్టి అల్యో ఓల్యో. ఫ్లోరెన్స్‌లో రొట్టె, టమాటా కలిపి ఉడికించే పప్పా అల్ పొమొదోరో, పేరులో పప్పు లేకపోయినా మెత్తగా పప్పన్నంలా దిగుతుంది. చెప్పాల్సిన మాట: 'సెంత్సా కార్నె, సెంత్సా పెష్షె, సెంత్సా అచ్చూగె'. మాంసం, చేప, ఆంకొవీ వద్దని. చేపని వాళ్లు మాంసం కింద లెక్కెయ్యరు, అందుకే విడిగా చెప్పాలి. పిజ్జా మీద 'పెపెరోనీ' అని ఉంటే భయపడకండి, అక్కడ అది క్యాప్సికమ్.

ఒక పూట అన్నం లేనిదే గడవదంటే ఫ్లోరెన్స్‌లోనో రోమ్‌లోనో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. సూపర్‌మార్కెట్లలో బాస్మతి, తియ్యదనం లేని పెరుగు 'యోగుర్ట్ బియాంకో' దొరుకుతాయి. రోమ్‌లో తెర్మిని దగ్గరి ఎస్క్విలీనో మార్కెట్‌లో మన పప్పులు, పచ్చిమిర్చి, మసాలాలు కూడా. ఇంటి నుంచి ఆవకాయ, కందిపొడి, చింతపండు పులిహోర పేస్టు తీసుకెళ్లొచ్చు, చెక్-ఇన్ పెట్టెలో, నూనె కారకుండా రెండు కవర్లలో. నెయ్యి, కోవా, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్లు వద్దు. బయటి దేశాల నుంచి పాల, మాంస పదార్థాలు ఈయూలోకి తేవడం నిషేధం. తాజా కరివేపాకు, పళ్లు కూడా వదిలేయండి.

రెస్టారెంట్లలో మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర, రాత్రి ఏడున్నర తర్వాత. మధ్యలో వంటగదులు మూత, ఆ టైమ్‌లో ఆకలేస్తే తూకం మీద కోసిచ్చే 'పిజ్జా అల్ తాల్యో' దిక్కు. బిల్లులో 'కొపెర్తో' అని మనిషికి రెండు, మూడు యూరోలు ఉంటే అది మోసం కాదు, కూర్చున్నందుకు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, చౌరస్తాలో కుర్చీలో తాగితే రెండు, మూడింతలు. రోమ్ వీధి కుళాయిల నీళ్లు తాగేవే, సీసా పట్టుకెళ్లండి.

మిగతావి

కార్డు మెషిన్ 'రూపాయల్లో కట్టాలా, యూరోల్లోనా' అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలంటే వాళ్ల మారకపు రేటు పడుతుంది. తెర్మిని, రోమ్ మెట్రో, వాటికన్ వైపు వెళ్లే 64 నంబర్ బస్సు జేబుదొంగల అడ్డాలు. పాస్‌పోర్టులు ఒకరి దగ్గరే పెట్టకండి. చేతికి దారం కట్టేవాళ్లకీ గులాబీ ఇచ్చేవాళ్లకీ చెయ్యి అందించకండి. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ పట్టదు, సన్న రెండు పిన్నుల ఛార్జర్ పట్టుద్ది.

సమ్మెలు ఇటలీలో క్యాలెండర్ వేసుకుని చేస్తారు. బయల్దేరే వారం ముందు 'షోపెరో' (sciopero, అంటే సమ్మె) అనే మాటతో మీ తేదీలు వెతకండి. పనిరోజుల్లో ఉదయం 6–9, సాయంత్రం 6–9 మధ్య లోకల్ రైళ్లు నడిపి తీరాలి. దూరప్రయాణపు రైళ్లలో తప్పక నడిచేవాటి జాబితా ట్రెనిటాలియా విడిగా ఇస్తుంది. మీ రైలు అందులో లేకపోతే ఆ రోజుకి జాబితాలో ఉన్న బండికి మార్చుకోండి.

శనివారం వెనిస్ నుంచి మార్కో పోలో విమానాశ్రయానికి పియాత్సాలె రోమా చౌరస్తాలో 5వ నంబర్ బస్సు ఎక్కితే అరగంటలోపు. అయితే మీ వపొరెట్టో పాస్ అందులో చెల్లదు, బస్సుకి వేరే టికెట్. 48 గంటల పాస్ గురువారం మధ్యాహ్నం మొదటిసారి టాప్ చేసినప్పటి నుంచి నడుస్తుంది కాబట్టి, శనివారం మధ్యాహ్నం లోపు బయల్దేరేట్టయితే పియాత్సాలె రోమా దాకా పడవకి అదే సరిపోతుంది.